గంగమ్మ జాతర చూసినవాడిగా నా జవాబు

ఇన్ని మతాలు, ఇన్ని కులాలు ఒకే ఊళ్లో బతికే ఈ రోజుల్లో మతానికి ఇంకా ఏం పని ఉంది అని అడిగారు. టీవీ చర్చల్లో చెప్పే జవాబు నాకు రాదు. తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి, గంగమ్మ జాతరను బట్టే చెబుతాను.

బయటివాళ్లకు తిరుపతి అంటే కొండ ఒక్కటే. మాకు మే నెల వచ్చిందంటే కింద ఊళ్లో తాతయ్యగుంట గంగమ్మ. ఆమె శ్రీవారి చెల్లెలని నమ్మకం, అందుకే జాతరకు కొండ మీద నుంచి సారె వస్తుంది. ఆడవాళ్లను చెరబడుతున్న పాలెగాణ్ణి పట్టుకోడానికి అమ్మవారు వేషం మీద వేషం కట్టిందట. దాక్కున్నవాడు దొర వేషం చూసి బయటికొచ్చి చచ్చాడు. (ఊరి ఊడిగం చేసే తోటి వేషానికి రాలేదు చూడండి, దొర అనగానే వచ్చాడు. ఆ బుద్ధి ఊళ్లో ఇంకా పోలేదు.) మేమూ ఆ వేషాలే కడతాం. బైరాగికి ఒళ్లంతా తెల్ల సుద్ద, తోటికి బొగ్గుపొడి, వేపాకు. మాతంగికి మగవాళ్లు చీర కట్టాలి. వేషంలో ఉన్నవాడు బూతులు తిట్టినా పడాల్సిందే, అది దీవెన కింద లెక్క.

మా వాడికి కామెర్లు తగ్గితే నాతో మాతంగి వేషం కట్టిస్తానని మా అమ్మ మొక్కేసుకుంది. నన్ను అడగలేదు. చీరతో ఇబ్బంది లేదు, రవికతోనే వచ్చింది. మా ఆవిడది నాకు మోచెయ్యి దాటలేదు. రాత్రిపూట మా వీధి టైలర్ భాయ్ దగ్గరికి పరిగెత్తా. అప్పటికే మీసాలవాళ్లు కొందరు పెళ్లాల రవికలు చేతబట్టుకుని బెంచీ మీద వరసగా కూర్చున్నారు. భాయ్ పక్క కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డను గోటితో లాగి చూశాడు.

"ఏంది సామీ, ఇది నీకేం చాలుతుంది? పక్కల్లో గుడ్డ ముక్క ఏస్తా, హుక్కులు పీకి నాడా పెడతా, ముడేసుకో."

"అమ్మవారి మొక్కు భాయ్, రేటు తగ్గించు" అన్నాను.

"మొక్కింది మీ అమ్మ, కుట్టేది నేను కదా సామీ!"

బెంచీ అంతా నవ్వింది. ఇవ్వాల్సింది ఇచ్చాను.

మతం చేసే పని ఇదేనంటాను. ఏడాదికోసారి నీ మీసాన్నీ, ఉద్యోగాన్నీ పక్కన పెట్టిస్తుంది. బొగ్గు పూసుకుని ఎదురొచ్చినవాడికి దండం పెడతావు, కులం అడగవు. మతమే వద్దనేవాళ్లూ ఉన్నారు. మన మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, సత్యాన్ని ఏ మతం దారిలోనూ చేరలేమంటూ 1929లో తన కోసం పెట్టిన సంఘాన్నే రద్దు చేసేశాడు. ఆయనకు చెల్లింది. మా అమ్మకు కావాల్సింది సత్యం కాదు, మనవడి కామెర్లు తగ్గడం.

2023లో జాతరను రాష్ట్ర పండుగ చేశారు, సంతోషమే. కానీ ఆ ఫ్లెక్సీలేంటండీ! నాయకుల మొహాలు తలుపంత, మూలన అమ్మవారు తపాలా బిళ్లంత. డీజే మోతకు పంబ వినపడదు. మతం వల్ల గొడవలంటారు గానీ, నన్నడిగితే సగం గొడవలు ఫ్లెక్సీల వల్లే.

మిగతా సగం అద్దె ఇళ్ల దగ్గర. ఆ రోజు బెంచీ మీద నవ్వినవాళ్లలో ఒకాయనకు మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. పిల్లల కాలేజీకి దగ్గరని భాయ్ వెళ్లి అడిగితే, "మా ఇంట్లో నీచు వాసన పడదు" అన్నాడట. జాతరకు పొట్టేలు కోసి చుట్టాలందరికీ వడ్డించింది ఈయనే! ఆ వడ్డనలో నేనూ తిన్నాను.

రాజ్యాంగం 25వ అధికరణ నచ్చిన మతం పాటించుకోమంది. 15వది మతం, కులం పేరుతో అంగళ్లలోకీ హోటళ్లలోకీ రానివ్వకపోవడం కుదరదంది, బావుల పేరు కూడా రాసింది. ఆ జాబితాలో అద్దె ఇల్లు మాత్రం లేదు. ఈసారి ఓట్లకొచ్చే ఎంపీ అభ్యర్థిని నేను అడగబోయేది గుడికి ఎన్ని నిధులు తెస్తావని కాదు, ఆ జాబితాలో అద్దె ఇల్లు చేర్పిస్తావా లేదా అనే. భాయ్ ఇప్పుడు రేణిగుంట రోడ్డు వైపు ఇల్లు తీసుకుని, రోజూ షాపుకు బండి మీద వస్తున్నాడు.