ఇంటి ముందు మెట్లకు కాంక్రీటు లెక్క

ఒంగోలులో ఇంటి ముందు 4 మెట్లకు మేస్త్రీ 10 బస్తాల సిమెంటు అడిగారని, అంత అవసరమా అని మీరడిగారు. మీరిచ్చిన కొలతలకు అది బాగా ఎక్కువండీ. ఒక్కో మెట్టూ నేల దాకా దిమ్మె అనుకోండి: ఎత్తులు అర, ఒకటి, ఒకటిన్నర, రెండు అడుగులు, మొత్తం 5. వెడల్పు 4 అడుగులు, అడుగు పెట్టే చోటు 1 అడుగు కాబట్టి హెచ్చిస్తే 20 ఘనపుటడుగులు. వృథాకు పదో వంతు కలిపితే 22. సిమెంటు, ఇసుక, కంకర వరుసగా ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే సిమెంటు 50 కిలోల బస్తాలు 5, ఇసుక 9, కంకర 19 ఘనపుటడుగులు సుమారుగా సరిపోతాయి. కింద బెడ్ (మెట్ల అడుగున పరిచే కాంక్రీటు పొర) వేస్తే అది వేరే లెక్క.

చీమకుర్తి గ్రానైటు పరిచేటట్లయితే పలక మందాన్ని మొదటి మెట్టు ఎత్తులోనే తగ్గించి పోయించండి. లేకుంటే అదొక్కటే ఎత్తుగా తేలి కాలు తడబడుతుంది. నున్నటి పాలిష్ మాత్రం వద్దు, వానాకాలంలో జారుడుబండే!