మేత భూముల ఫోటోలు చూపించి కాపరుల, సలహాదారుల అభిప్రాయాలు తెలుసుకోవచ్చా?

గైరాన్ భూములను (ఊరుమ్మడి మేత భూములను) బాగుచేసే ప్రణాళిక కోసం గొర్రెల కాపరులనూ పశుసంవర్ధక సలహాదారులనూ అడగాలనుకుంటున్నామని, అందుకు ప్రశ్నావళి కంటే ఫోటోలు మేలా అని మీరు అడిగారు. పాలమూరు ప్రాంతంలో నల్లమల అంచు గ్రామాల గొల్ల, కురుమ కాపరులతో ఈ పని చేసిన అనుభవం మీద చెబుతున్నాను: మేలే, కాని ఆ ఫోటో ఏ నెలలో, ఎవరు తీశారన్నదాన్ని బట్టి జవాబులు మారిపోతాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన ఫోటోగ్రాఫర్, మానవశాస్త్ర పరిశోధకుడు జాన్ కాలియర్ 1957లోనే దీని గురించి రాశారు.

తొలకరి తర్వాత మొలిచిన పచ్చిక ఫోటోను సలహాదారులు మంచి మేత భూమిగా ఎంచారు. అదే ఫోటో చూసిన ఒక పెద్దాయన, లేత గడ్డిని ఆబగా మేసిన జీవాలకు చిటుక రోగం (ఉన్నట్టుండి చంపే పేగు జబ్బు) వస్తుందని, ఆ రోజుల్లో మందను అక్కడ ఎక్కువసేపు నిలపనని చెప్పాడు. చెరువు శిఖంలోని (నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలలోని) పచ్చిక చూపిస్తే, కాలేయంలో చేరే జలగల వల్ల వచ్చే జలగ రోగం మాట ఎత్తాడు. ఈ రోగాలు పశువైద్యులకు తెలియనివి కావు. ఫోటో చూసినప్పుడు సలహాదారులు భూమిని అంచనా వేశారు, ఆ పెద్దాయన మందను తలచుకున్నాడు. సంక్రాంతి తర్వాత ఎండిపోయిన గుట్ట వాలు సలహాదారులకు క్షీణించిన నేలగా తోచింది, కాపరులకు మాత్రం అది ఎండాకాలం దాకా ఆదుకునే మేత. సర్కారు తుమ్మ విషయంలో కాపరులలోనే ఏకాభిప్రాయం లేదు: కాయలు రాలితే జీవాలు తింటాయని కొందరు, ముళ్లు కాళ్లలో దిగి కుంటుతాయని, కింద గడ్డి మొలవదని మరికొందరు అన్నారు.

కాబట్టి ఒకే చోటును వానాకాలంలో, చలికాలంలో, ఎండాకాలంలో తీయించండి. కొన్ని ఫోటోలు కాపరులనే తమ ఫోన్లతో తీయమనండి. ‘ఈ భూమి బాగుందా’ అని అడగకుండా, ‘ఈ నెలలో మందను ఇక్కడికి తోలుతారా, ఎందుకు’ అని అడగండి. అధికారి ఎదుట కాపరి మనసు విప్పి మాట్లాడడు గనుక ముందు ఇరువర్గాలనూ విడివిడిగా కూర్చోబెట్టి, ఆ తర్వాతే ఒకరి జవాబులు మరొకరికి వినిపించండి. నీళ్లు ఎంత దూరమో, ఆ నేల ఎవరి పట్టాలో ఉందో, దారిలో కొత్తగా కంచె పడిందో ఫోటోలో కనిపించవు. మేపాలా వద్దా అన్నది తరచూ వాటి మీదే తేలుతుంది కనుక, వాటిని ప్రతి ఫోటోతో పాటు విడిగా అడిగి రాసుకోండి.