బస్తీల్లో ఆరోగ్యకరమైన ప్యాకెట్ తిండి అమ్ముడుపోతుందా?

"బస్తీ జనం ధర, రుచి తప్ప ఇంకేం చూడరు కదా, ఆరోగ్యకరమైన ప్యాకెట్లు అక్కడ అమ్మడం అయ్యే పనేనా?" అని అడిగారు. సికింద్రాబాద్ అడ్డగుట్టలో పద్నాలుగేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. జనం చూస్తారు, అడుగుతారు కూడా. వాళ్లు అడిగేది నా దగ్గర ఉండదు, అదీ సమస్య.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం మా గల్లీ ఆమె ఒకరు వచ్చింది. నాలుగిళ్లల్లో పని చేస్తుంది. వాళ్లత్తకు బస్తీ దవాఖానాలో షుగర్ అని తేలింది. "అక్కా, ముసలామె చాయ్‌ల బిస్కెట్ లేకుంటే ఊకుంటలేదు. చక్కెర తక్కువున్నది ఏదన్న ఉంటే ఇయ్యి" అన్నది. పది రూపాయల రాగి బిస్కెట్లు తీసి ఇచ్చాను. ప్యాకెట్ మీద ఇంత పెద్ద రాగి కంకి బొమ్మ. ఆమె డబ్బులు తీయకుండా దాన్ని వెనక్కి తిప్పి, "ఏమేమి ఏసిండ్రో సదువక్కా" అంది. చీమ తలకాయంత అక్షరాలు, అవీ ఇంగ్లీషులో. ఫోన్ టార్చి వేసి ఒక్కొక్కటే చదివాను. మొదట మైదా, తర్వాత చక్కెర, తర్వాత పామాయిల్. రాగిపిండి ఎక్కడో కింద, ఆరు శాతం. ఏది ఎక్కువ వేస్తే దాని పేరే ముందు రాయాలన్నది రూలు, అదీ చెప్పాను. "మరి రాగి బొమ్మ ఎందుకేసిండ్రక్కా?" అని అడిగింది. నేనేం చెప్పను? ప్యాకెట్ అక్కడే పెట్టేసి, పావుకిలో పుట్నాలు కట్టించుకుని పోయింది.

ఇలాంటి మనిషికి అవగాహన లేదంటే నేను ఒప్పుకోను. 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాక బీపీ, షుగర్ పరీక్షలు ఇంటి పక్కనే, పైసా ఖర్చు లేకుండా అవుతున్నాయి. ఎవరికి ఏముందో గల్లీ అంతా తెలుసు. ఉప్పు లేనిది ఉందా, నూనె తక్కువది ఉందా అని అడగడం అప్పటినుంచే ఎక్కువైంది. ఏ సర్వే చెప్పినా చెప్పకపోయినా నా కౌంటర్ దగ్గర నేను వింటున్నది ఇదే.

లేబుల్ సంగతి తలుచుకుంటేనే కోపం వస్తుంది. మాకు దగ్గర్లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్లిచ్చిన సూచనల్లో లేబుల్ చదివి కొనుక్కోమని కూడా ఉంది. మంచి మాటే. కానీ చట్టప్రకారం లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. తెలుగు తప్ప ఇంకోటి చదవడం రాని తల్లి ఏం చదివి కొనాలి? పన్నూ అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి దిగింది. జొన్నపిండి ప్యాకెట్ మీదా 5 శాతమే. మైదా బిస్కెట్‌నూ జొన్నపిండినీ ఒకే గాటన కడితే ఎలా?

ఇక అమ్మకం. రెండేళ్ల కింద ఒక చిన్న తయారీదారు పది రూపాయల జొన్న మురుకుల ప్యాకెట్లు వేసి వెళ్లాడు. చిప్స్ దండల పక్కనే వేలాడదీశాను. మొదటి పెట్టె నాలుగు రోజులు కూడా ఆగలేదు. పిల్లల కంటే రాత్రి డ్యూటీకి పోయే ఆటోవాళ్లే ఎక్కువ కొన్నారు. మూడు నెలలు గడిచాక చిన్న ప్యాకెట్ గిట్టడం లేదని ఆపేశాడు, ఇప్పుడు తొంభై రూపాయలదే ఉందన్నాడు. రోజు కూలి మీద బతికే ఇంట్లో చిరుతిండికి ఒకేసారి తొంభై ఎవరు తీస్తారు? ఆ ధర చూసి కొనకపోతే జనానికి ఆరోగ్యం పట్టదని రాసేస్తున్నారు.

మీరు తయారుచేసే ఆలోచనలో ఉంటే పది రూపాయల ప్యాకెట్ చేయండి, ఏమేం వేశారో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. చిప్స్ దండలు పక్కకు జరిపి కౌంటర్ ముందే వేలాడదీస్తాను. ఆ మురుకులు మళ్లీ ఎప్పుడొస్తాయని వారానికి ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ అడుగుతున్నారు.