రివార్డు పాయింట్ల కోసం కార్డుతో కొని తిరిగి అమ్మవచ్చా?

మన దేశంలో అది నేరం కాదు గానీ, పర్సనల్ క్రెడిట్ కార్డుతో చేస్తే చాలా బ్యాంకుల నిబంధనలకు విరుద్ధం. పాయింట్లు రద్దు చేసి, కార్డు కూడా మూసేయవచ్చు. ఆ కార్డు ఇచ్చింది సొంత అవసరాలకు, వ్యాపారానికి కాదు. నెలనెలా ఒకే షాపులో, ఇంచుమించు ఒకే మొత్తానికి నాలుగైదు కొనుగోళ్లు జరిగితే బ్యాంకుకు ఇట్టే తెలిసిపోతుంది.

లాభం కూడా చాలా పల్చన. 60,000 రూపాయల ఫోను 5 శాతం క్యాష్‌బ్యాక్‌తో కొని, సీలు తీయకుండా డీలరుకు 58,500కు అమ్మారనుకోండి. క్యాష్‌బ్యాక్ 3,000, నష్టం 1,500, మిగిలేది 1,500. డీలరు డబ్బు ఆలస్యం చేసి మీరు గడువు దాటితే? నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 2,100, దానిమీద 18 శాతం జీఎస్టీ. మిగిలిందంతా పోయి చేతి నుంచే పడుతుంది. పైగా ఫోను బిల్లు మీ పేరునే ఉంటుంది, అది ఎవరి చేతికి చేరిందో మీకు తెలియదు. నాకైతే ఇదే అన్నిటికన్నా భయపెట్టే విషయం.

“బిల్లు టైముకి కడుతున్నా, ఇక ఎవరు అడుగుతారు?” అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆర్థిక సంవత్సరంలో కార్డు బిల్లులకు 10 లక్షలు, అంతకు మించి కడితే ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు చేరుతుంది. ఆదాయంతో అది పొంతన కుదరకపోతే, అమ్మిన ప్రతి వస్తువుకూ లెక్క చూపాల్సింది మీరే.