చార్టు గోడకెక్కే ముందు

చిన్నపాపకు,

అనంతపురం నుంచి మీ అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన తరగతి గది ఫొటోను పెద్దది చేసుకుని ఒక్కో గోడా నిదానంగా చూశాను. మెగా డీఎస్సీ 16,347 టీచరు పోస్టుల్లో ఒకటి మన ఇంటి పిల్లకు వచ్చిందని తెలిసిన రోజు ఎంత పొంగిపోయానో, ఇప్పుడూ అంతే పొంగిపోయాను. మొదటి జీతంలోంచే చార్టులు, స్కెచ్ పెన్నులు, రంగు కాగితాలు కొన్నావని మీ నాన్న చెప్పాడు. 1986లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకూ ఇదే ఆరాటం ఉండేది. తనిఖీకి ఆఫీసరు గారు ఎప్పుడొస్తారో, బోధన సామగ్రి ఏదమ్మా అని అడుగుతారేమో అన్న టెన్షన్ కూడా ఉండేది. నీ గోడల మీద ఆ రెండూ కనిపించాయి. అందుకే ఫోన్‌లో రెండు మాటలు చెప్పి వదిలేయకుండా కూర్చుని రాస్తున్నాను.

రేపు ప్రార్థనకు అరగంట ముందే బడికి వెళ్లు. వెనక వరుసలో కిటికీ పక్క బల్ల మీద, ఒకటో తరగతి పిల్ల ఎత్తుకు నీ తల వచ్చేలా వంగి కూర్చుని గోడలు చూడు. చార్టులన్నీ నీ కంటి ఎత్తులో కట్టావు. పిల్లలకు వాటి కింది అంచులే దగ్గరగా కనిపిస్తాయి. అక్కడి నుంచే బోర్డు కూడా చూడు. పొద్దున ఎండ పడితే ఆ మూల నుంచి సగం బోర్డు మెరిసిపోయి అక్షరం కనపడదు. ఆకుపచ్చ బోర్డు మీద ఎరుపు, నీలం సుద్దముక్కలతో రాస్తే దగ్గరకు అందంగా ఉంటుంది కానీ వెనక బల్లకు చేరదు. తెలుపు, పసుపు చాలు. అక్షరం కనీసం రెండు అంగుళాల ఎత్తు ఉండాలి. మగపిల్లల్లో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ‘ఎర్రగా ఉన్నవి కూడండి’ అని మాత్రమే చెప్తే వాళ్లు పక్కవాడి పలక చూస్తారు. ఎర్రవాటికి చుట్టూ ఒక గీత కూడా గీస్తే సరిపోతుంది.

ఇక చార్టుల సంగతి. ఫొటోలో పద్నాలుగు లెక్కపెట్టాను. పన్నెండు తీసి చుట్టి పెట్టు. ఆ వారం పాఠానికి పనికొచ్చేవి ఒకటో రెండో ఉంచు. నెలల తరబడి కదలని చార్టు సున్నంలో కలిసిపోతుంది, పిల్లల కళ్లు దాని మీద నిలవవు. ఖాళీ అయిన గోడను పిల్లలు గీసిన బొమ్మలకు వదిలెయ్యి. మా కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఏపీపెప్ అనేవాళ్లం, దాని శిక్షణలో ఆరు సూత్రాలు నేర్పారు. పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించాలన్నది అందులో ఒకటి. ఆ శిక్షణలో విన్న చాలా మాటలు మర్చిపోయాను కానీ ఇది చివరి రోజు దాకా పాటించాను. తన బొమ్మ గోడ మీద ఉన్న పిల్ల బడి మానదు పాపా. ఇది నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్తాను.

పామిడి దగ్గర పెన్న ఒడ్డున ఒక పల్లెలో పనిచేస్తున్నాను. నాలుగో తరగతికి నదుల పాఠం. రాత్రి లాంతరు పెట్టుకుని చార్టు గీశాను. రెండు ఒడ్లు, మధ్యలో నిండుగా నీలం రంగు, అలలు, ఒక పడవ. మరుసటి రోజు అది చూపించి, మన పెన్నను గీయమన్నాను. పిల్లలంతా నా చార్టు చూసి నీలం పూశారు. గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడొకడు మాత్రం రెండు గీతల మధ్య మట్టిరంగు పెన్సిల్‌తో చుక్కలు చుక్కలుగా నింపి, నడుమ మూడు చిన్న నీలం గుండ్రాలు పెట్టాడు. నది నీలంగా ఉండాలని ఎర్ర ఇంకుతో రాసి ఇంటూ కొట్టాను. వాడు ఏమీ అనలేదు. పలక ఒళ్లో పెట్టుకున్నట్టు ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం బస్సు పామిడి వంతెన మీద ఆగింది. ముందు ఏదో లారీ చెడిపోయింది. ఊరికే కిందికి చూశాను. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుకే. మధ్యలో ఆడవాళ్లు చెలమలు తోడుకుని, గ్లాసుతో కొంచెం కొంచెంగా బిందెల్లోకి నీళ్లు పోసుకుంటున్నారు. వాడు పెట్టిన నీలం గుండ్రాలు అవే. ఆ నదిని రోజూ రెండుసార్లు దాటుతూ నేను పుస్తకంలో నది గీశాను, వాడు తన ఊరి నది గీశాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మరుసటి రోజు వాణ్ణి పిలిచి, తప్పు నాదని అందరి ముందూ చెప్పి, అదే బొమ్మ నల్లబల్ల మీద పెద్దగా గీయమన్నాను. గీస్తుంటే తరగతి మొత్తం లేచి నిలబడింది. ఎవరి చెలమ ఎక్కడ, ఏ చెలమ నీళ్లు తియ్యగా ఉంటాయి, ఏరు వచ్చినప్పుడు ఎవరి గొర్రెలు కొట్టుకుపోయాయి, అన్నీ చెప్పారు. మన దగ్గర వాన పడకుండానే ఏరు ఎలా వచ్చిందని ఒక పిల్ల అడిగింది. అప్పుడు నంది కొండల గురించి చెప్పాను. పెన్న కర్ణాటకలో పుడుతుందని, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుందని, పైన కురిసిన వాన ఇక్కడ వరదవుతుందని. అదే పాఠం ముందురోజు చెప్పినప్పుడు ఒక్కరూ నోరు విప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక శిక్షణలో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే నేల తీరును వివరంగా చూపే పటం, చూపించారు. అందులో ఎండిన వాగుల్ని నలుపుతోనూ, నీళ్లున్న చోటును నీలంతోనూ గీస్తారు. ఆ పిల్లవాడు గీసింది దానికి ఎంత దగ్గరో చూడు.

అందుకే, చార్టు ముందు చూపించి పిల్లల్ని గీయమనకు. ముందు వాళ్లు చూసిందాన్ని గీయనివ్వు, ఆ తర్వాత నీ చార్టు తియ్యి. రెండూ పక్కపక్కన పెట్టి, ‘ఇందులో ఉన్నది అందులో ఏం లేదు?’ అని అడుగు. అడిగాక ఆగు. ఇది అన్నిటికన్నా కష్టం. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు తరగతి గదుల్లో టీచర్ల మాటలు రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. బొమ్మ చూపించినప్పుడు ఇంకా ఎక్కువసేపు ఆగాలి. కళ్లు బొమ్మంతా తిరిగి రావాలి కదా. నేను మనసులో పది దాకా లెక్కపెట్టేదాన్ని.

పటం విషయంలో ఒక చిన్న మాట. పటాన్ని గోడకు వేలాడదీస్తే ఉత్తరం అంటే ఆకాశం వైపు అని పిల్లలు అనుకుంటారు. ‘కళ్యాణదుర్గం పైన ఉందా కింద ఉందా’ అని అడుగుతారు. మొదటి నెలంతా పటాన్ని నేల మీద పరిచి, దాని ఉత్తరాన్ని నిజమైన ఉత్తరానికి తిప్పి, చుట్టూ కూర్చోబెట్టు. గోడకు తర్వాత కట్టొచ్చు.

లెక్కలకు చార్టే వద్దు, ముందు చీపురుపుల్లలు తీసుకో. రెండో తరగతిలో నూట ఐదు రాయమంటే సగంమంది 1005 రాస్తారు. కోప్పడకు. వాళ్లు విన్నది విన్నట్టు రాశారు, వంద పక్కన ఐదు పెట్టారు. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండ్ వేసి కట్ట కట్టించు. అలాంటి పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట. కట్టలు పిల్లలే కట్టాలి. నువ్వు కట్టి తెస్తే లోపల పది ఉన్నాయని వాళ్లు నమ్మరు, విప్పి లెక్కపెడతారు. విప్పనివ్వు కూడా. మూడు డబ్బాలు వరసగా పెట్టి నూట ఐదు పెట్టమను. పెద్ద కట్ట ఒక డబ్బాలో, ఐదు పుల్లలు చివరి డబ్బాలో పెట్టి, మధ్య డబ్బా దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ‘ఇందులో ఏం లేదు టీచర్’ అంటారు. సున్నా అక్కడ పుడుతుంది. ఆ చెయ్యి ఆగే క్షణం కోసం నేను ఏటా ఎదురుచూసేదాన్ని. కొన్ని రోజులు ఇలా ఆడాక పలక మీద బొమ్మ వెయ్యించు: వందకు చతురస్రం, పదికి గీత, ఒకటికి చుక్క. అంకెలు ఆ తర్వాత. పుల్లలు, బొమ్మ, అంకె, ఈ వరస తప్పొద్దు. శనక్కాయలతో చేద్దామని నీకు అనిపిస్తుంది, మన ఊళ్లో దొరుకుతాయి కాబట్టి. కూడికలకు బాగుంటాయి, కట్టలకు పనికిరావు. మధ్యాహ్నం లోపు సగం తినేస్తారు కూడా.

భిన్నాలకు ఎప్పుడూ గుండ్రటి రొట్టె బొమ్మే వేస్తారు. రొట్టె మంచిదే, దానితో పాటు తాడు మడిచి చూపించు, కాగితం చీలిక మడిపించు. లేకపోతే సగం అంటే అర్ధచంద్రాకారం అనుకుంటారు.

మీ బడిలో స్మార్ట్ టీవీ ఉంది కదా. వాడు, భయపడకు. వీడియో ముందు నువ్వు ఇంట్లో పూర్తిగా చూడు. తరగతిలో రెండు మూడు నిమిషాలకు మించి ఒకేసారి నడపకు. మధ్యలో ఆపి తర్వాత ఏమవుతుందో అడుగు. ఒకసారి శబ్దం లేకుండా పెట్టి, మాటలు పిల్లలతో చెప్పించి చూడు. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో చాలా దొరుకుతాయి. కరెంటు పోతే పాఠం ఆగకూడదు, అందులోని ముఖ్యమైన బొమ్మ ఒకటి బోర్డు మీద గీయడం ముందే నేర్చుకో. పిల్లల ముందు ఒక్కో గీతా గీస్తూ మాట్లాడితే ఆ బొమ్మ తయారైన బొమ్మకన్నా బాగా గుర్తుంటుంది. నీ చెయ్యి బాగా తిరగదని దిగులుపడొద్దు. గీతలతో మనుషుల్ని వెయ్యగలిగితే చాలు.

ఈ పిల్ల చూసి నేర్చుకునే రకం, ఆ పిల్లవాడు విని నేర్చుకునే రకం అని ట్రైనింగ్‌లో చెప్పి ఉంటారు. అలా గంపల్లో వెయ్యకు. 2008లో నలుగురు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని జల్లెడపట్టి, రకాన్ని బట్టి పాఠం చెప్తే బాగా వస్తుందనడానికి తగిన ఆధారం లేదని రాశారు. బొమ్మా మాటా రెండూ అందరికీ కావాలి. ఒక పిల్ల బోర్డు చూడకుండా పక్కపిల్ల పుస్తకంలోంచే రాస్తుంటే, ముందు కంటిచూపు అనుమానించు. ముందు బల్లకు మార్చి, తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడు. నేను ఒక పిల్లను ఏడాదంతా మొద్దు అనుకున్నాను. ఐదో తరగతిలో కళ్లద్దాలు వచ్చాక ఆ పిల్ల చదివిన తీరు చూసి ఆమె ముందు తల ఎత్తలేకపోయాను.

మాట్లాడని పిల్లలకు ఒక ఉపాయం మన నేలలోనే ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు నీకు తెలుసు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పలుచగా చేసిన తోలు మీద రంగులు వేసి, వెనక దీపం పెట్టి తెర మీద ఆడిస్తారు. ఆడించేవాళ్లు తెర వెనకే ఉంటారు. పెళ్లి పత్రికల అట్టతో బొమ్మలు కత్తిరించి, పుల్ల అతికించి, తెల్ల పంచె కట్టి, ఫోన్ టార్చి వెలిగించు. ఏడాదంతా నోరు తెరవని పిల్ల తెర వెనక నుంచి కాకి గొంతుతో, నక్క గొంతుతో మాట్లాడుతుంది. ఎవరూ తనను చూడటం లేదు కదా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకం కింద మా బడికి ఒక పెట్టె సామాను వచ్చింది. గ్లోబు, పటాలు, బొమ్మలు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలని బీరువాలో పెట్టి తాళం వేశారు. నేనూ అడగలేదు, కొత్తదాన్ని కదా అని. తీసేసరికి పటాల్ని చెదలు తినేశాయి. నువ్వు అడుగు. హెచ్‌ఎం గారిని మర్యాదగా అడిగి, రిజిస్టరులో రాసి తీసుకో. చినిగితే చినగనివ్వు, పిల్లల చేతుల్లో చినగనివ్వు.

మీ మామ ఆదివారం కళ్యాణదుర్గం వస్తున్నాడు. ఒక సంచి పంపిస్తున్నాను. పెళ్లి పత్రికలు రెండు వందల దాకా ఉంటాయి, వెనకవైపు తెల్లగా ఉంది, ఫ్లాష్ కార్డులకు పనికొస్తాయి. ఒక పాత ఫ్లెక్సీ, తిరగేసి పరిస్తే పెద్ద బోర్డు. రబ్బరు బ్యాండ్లు అరకిలో. రంగు పెన్సిళ్ల డబ్బాలు ఆరు. మట్టిరంగువి విడిగా ఇరవై కొన్నాను, మన పిల్లలకు అది ముందు అయిపోతుంది.

మీ అత్త