కొత్త వీడియో గేమ్‌ల నాణ్యత నిజంగా పడిపోయిందా?

అన్నిటిదీ కాదు. పెద్ద గేమ్‌లు సగం ఉడికి విడుదలవుతున్నాయన్న విమర్శ మాత్రం నిజం. ఆట మొత్తం డిస్కులోనే అమ్మిన రోజుల్లో తర్వాత దిద్దే దారి పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడు ప్యాచ్ (విడుదలయ్యాక ఇంటర్నెట్‌లో పంపే దిద్దుబాటు) ఉందన్న ధీమాతో చెప్పిన తేదీకి వదిలేస్తున్నారు. సైబర్‌పంక్ 2077నే చూడండి: 2020 డిసెంబరు 10న వచ్చింది. పాత కన్సోళ్లలో (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల్లో) ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం దాటగానే సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్‌లోంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది.

తర్వాత బాగుపడింది. కానీ తిరుపతిలో హాస్టల్లో ఉంటూ, మొబైల్ డేటా మీద పదుల జీబీల ప్యాచ్‌లు దించుకునే కుర్రాడు ఏం చేయాలి? నాకు కోపమొచ్చేది అక్కడే.

ఓపిగ్గా చేసినవాళ్లూ ఉన్నారు: బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్‌ను దాదాపు మూడేళ్లు ఆటగాళ్లతో ఆడించి, దిద్ది, 2023లో పూర్తిగా విడుదల చేశారు. కాబట్టి ప్రీ-ఆర్డర్ (విడుదలకు ముందే కొనుక్కోవడం) మానేసి, విడుదలయ్యాక రెండు నెలలు ఆగి కొనండి.