వైజాగ్‌లో పేరున్న చోట్లు నిజంగా అంత బాగుంటాయా?

"అమ్మానాన్నలతో మొదటిసారి వైజాగ్ వెళ్తున్నాం, అందరూ చెప్పే చోట్లు, హోటళ్లు నిజంగా అంత బాగుంటాయా, రెండు రోజులు సరిపోతాయా?" అని అడిగారు. మాది వరంగల్. మొన్న డిసెంబరులో అమ్మను, బాపును తీసుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చాం. చోట్లు బాగుంటాయి. కానీ రెండు రోజుల్లో అన్నీ చూడాలని పరుగెత్తితే మీకు కాళ్ల నొప్పులు, ఫోన్ నిండా ఫోటోలు తప్ప ఏమీ మిగలవు. ఇక తిండి సంగతికొస్తే పేరు చూసి మాత్రం పోకండి.

అన్నిటికంటే ముందు కురుసుర జలాంతర్గామి గురించి చెప్పాలి. ఆర్కే బీచ్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఒడ్డునే పెట్టారు. 1969లో సోవియట్ వాళ్ల దగ్గర నుంచి మన నౌకాదళానికి వచ్చింది. 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విధుల నుంచి తప్పుకుంది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. చాలామంది దీన్ని "పది నిమిషాల్లో అయిపోయే ఐటెం" అంటారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది.

మా బాపు ఆర్టీసీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు బస్సు ఇంజిన్ల కిందే గడిపాడు. వైజాగ్ అనగానే "సముద్రం ఒక్కసారి చూస్తే చాలు, నేను రూములో పండుకుంట" అన్న మనిషి. ఆదివారం పొద్దున బలవంతంగా తీసుకెళ్లాం. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి తలుపులోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు కష్టమే, అమ్మ రెండో తలుపు దగ్గరే మూలిగింది. ముందు గదిలో, శత్రువుల ఓడల మీదికి నీళ్లలోంచి వదిలే టార్పెడోల పక్కనే పడుకునే బల్లలు. అక్కడిదాకా బాపు ఏమీ మాట్లాడలేదు.

ఇంజిన్ల గదిలోకి రాగానే ఆగిపోయాడు. అటూ ఇటూ ఇంజిన్లు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. అక్కడ వివరాలు చెప్పేది నేవీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. బాపు ఒక పైపు మీద వేలు పెట్టి, "ఇది ఫ్యూయల్ లైనేనా?" అని అడిగాడు. ఆయన బాపును ఎగాదిగా చూసి, "గురువుగారూ, మీరు ఇంజిన్ పని చేసినవారా?" అన్నారు.

అంతే, ఇద్దరూ మమ్మల్ని మర్చిపోయారు. "మూడు డీజిల్ ఇంజిన్లా? మరి నీళ్లల్ల మునిగినంక వాటికి గాలెట్ల?" అని బాపు. "మునిగాక డీజిల్ నడవదండీ. పైకొచ్చినప్పుడు ఇంజిన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలి. లోపలికెళ్లాక ఆ బ్యాటరీలతో మోటార్లు తిరుగుతాయి" అని ఆయన. ఇంత ఇరుకులో రిపేరొస్తే ఎట్ల పండుకుని చేస్తరు, వేడి ఎంతుంటది, స్నానానికి నీళ్లెక్కడివి అని బాపు అడుగుతూనే ఉన్నాడు. తాగే నీళ్లే లెక్కపెట్టుకుని వాడేవాళ్లమని, ఇంక స్నానం మాటెక్కడిదని ఆయన చెప్పారు. బాపు ఆయన చేయి పట్టుకుని, "మేం బస్సు ఆగితే రోడ్డు మీదికన్నా దిగుతుంటిమి, మీరెక్కడికి దిగుతరు?" అన్నాడు. ఆ పెద్దాయన కళ్లు తడిశాయి. మా బాపు ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

వెనకాల జనం మాత్రం ఒకటే తొందర. "జరగండి, జరగండి" అంటూ తోసుకుంటూ సెల్ఫీలు దిగి వెళ్లిపోతున్నారు. అన్నేళ్లు సముద్రం అడుగున పనిచేసిన మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే ఒక్క ప్రశ్న అడగకుండా ఎలా వెళ్తారండీ? పిల్లలనైనా ఆగి విననివ్వాలి కదా. మీరు వెళ్తే జనం తక్కువుండే రోజు చూసుకుని వెళ్లండి, ఆదివారం వద్దు. సోమవారం సెలవు. రోడ్డుకు అవతలి వైపు టీయూ-142 విమానం మ్యూజియం ఉంది, అదీ బాగుంటుంది.

ఇప్పుడు తిండి. ఆ మధ్యాహ్నం అందరూ వీడియోల్లో చూపించే ఒక హోటల్‌కు వెళ్లాం. పేరు చెప్పను. బయట గంటసేపు నిలబెట్టారు. కుండ బిర్యానీ అన్నారు. కుండ ఒక్కటే వేడిగా ఉంది, అన్నం విడిగా వండి అందులో పోశారని మొదటి ముద్దకే తెలిసిపోయింది. అమ్మ పెరుగన్నం తెప్పించుకుని తిని లేచింది. అయినా సముద్రం పక్కన కూర్చుని బిర్యానీ ఎందుకు తినాలి? మా తప్పు కూడా ఉంది.

రాత్రికి మా ఆటో అబ్బాయి ఒక చిన్న మెస్‌కు తీసుకెళ్లాడు. మనం వంజరం అనే చేపను అక్కడ కోనాం అంటారు. మందపాటి ముక్క, పైన కారం, అల్లం వెల్లుల్లి తప్ప ఇంకేం లేదు, పెనం మీంచి నేరుగా ఆకులోకి. చేపల పులుసులో అన్నం కలుపుకుని బాపు మూడుసార్లు వడ్డించుకున్నాడు. కాబట్టి హోటల్ సంగతి ఫోన్‌ను అడగకండి, ఆటో అతన్ని "నువ్వెక్కడ తింటావ్?" అని అడగండి. ఇక బీచ్‌లో మురీ మిక్చర్ తప్పకుండా తినండి. మురీ అంటే మన మరమరాలే. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం వేసి డబ్బాలో టకటకా కలిపి పొట్లం కట్టిస్తారు. వెంటనే తినేయాలి, రెండు నిమిషాలాగితే మెత్తబడిపోతుంది. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి మాత్రం లోతుగా దిగకండి, అలలు లాగేస్తాయి.

సింహాచలం పొద్దున్నే వెళ్లండి. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే. అమ్మ గుడిలోని కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఏం మొక్కుకుందో ఇప్పటికీ చెప్పలేదు. కైలాసగిరి మీది నుంచి తీరం వంపు తిరిగి కనిపిస్తుంది, ఆ ఒక్క చూపు కోసం ఎక్కొచ్చు. అరకు మాత్రం ఒక్క రోజులో వెళ్లి రావొద్దు. మేం ఆ తప్పు చేశాం. బొర్రా గుహల్లో అరగంట, తోటలో ఇరవై నిమిషాలు, మిగతా రోజంతా బండిలోనే. దారిలో బొంగులో చికెన్ వెదురు కాలి, లోపల ఉడికేదాకా ఆగుదామంటే డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. అక్కడ ఒక రాత్రి ఉండే వీలుంటేనే వెళ్లండి.

జలాంతర్గామి చూసిన మర్నాడు, సోమవారం, కైలాసగిరి వెళ్దామనుకున్నాం. పొద్దున్నే బాపు చొక్కా వేసుకుని తయారై కూర్చున్నాడు. "ముందు ఆ పడవ దగ్గరికి పోదాం, ఆయనను ఇంకో మాట అడిగేదుంది" అన్నాడు. సెలవని చెప్పినా వినలేదు. గేటు మూసి ఉంది. బాపు బయటి ఫుట్‌పాత్ మీద ముక్కు నుంచి తోక దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. దాని పొడవు 91 మీటర్లు. తోక దగ్గర చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.